పెద్ద బోవీ కత్తి: తరచుగా అడిగే ప్రశ్నలు

బోవీ కత్తిని కొందరు అడవిలో పనికి కొంటారు, కొందరు గోడకో పెట్టెకో కొంటారు. ఒకే కత్తితో రెండూ కానిద్దామనుకుంటేనే నష్టం. పని కత్తికి మేలు చేసే సాన, పాలిష్, పిడి మరమ్మతు పాత కత్తి విలువను నిలువునా తీసేస్తాయి. పాత కత్తికి పనికొచ్చే సుకుమారం పని కత్తికి అక్కరలేదు. కింది జవాబుల్లో ఏది దేనికి చెప్పామో చూసుకుని పాటించండి.

ఏ కత్తిని బోవీ కత్తి అంటారు?

గీత గీసినట్టు కొలతలేమీ లేవు. ఇప్పటి వాడుకలో బ్లేడు 20 నుంచి 30 సెం.మీ. పొడవుండి, ఒకవైపే పదునుండి, వెన్ను మొన దగ్గరికొచ్చేసరికి లోపలికి కోసినట్టుండి, పిడికీ బ్లేడుకీ మధ్య అడ్డంగా గార్డు ఉన్న కత్తిని బోవీ అంటున్నారు. వెన్నులోని ఆ కోత పేరు క్లిప్. దానివల్ల ముందు భాగంలో బరువు తగ్గుతుంది, మొన కూడా పిడి మధ్యరేఖకు దగ్గరగా దిగుతుంది. కత్తి ఎంత పెద్దదైనా మొన చేతి అదుపులో ఉండేది అందుకే.

క్లిప్ పై అంచును రెండువైపులా పలచగా దిద్దితే దాన్ని ఫాల్స్ ఎడ్జ్ అంటారు. గార్డుకు ముందు పదును పెట్టకుండా వదిలేసిన మందపాటి ముక్క రికాసో. తయారీదారు ముద్ర ఎక్కువగా అక్కడే ఉంటుంది. బ్లేడు నుంచి పిడి లోపలికి వెళ్లే ఉక్కు టాంగ్. పిడి చివరి లోహపు బిళ్ల పామెల్.

జిమ్ బోవీ వాడిన అసలు కత్తి ఇలాగే ఉండేదా?

ఉండేది కాదనే చెప్పాలి. ఈ కత్తికి పేరొచ్చింది జిమ్ బోవీ అనే అమెరికన్ సాహసి వల్ల. 1827 సెప్టెంబరు 19న మిసిసిపీ నదిలో, నాచెజ్ పట్టణానికి ఎదురుగా ఉన్న ఇసుక తిన్నె మీద జరిగిన కొట్లాటతో జిమ్ బోవీ పేరూ, అతని కత్తి పేరూ అమెరికా అంతా పాకాయి. ఆ కత్తి చేయించింది తానేనంటూ జిమ్ అన్నయ్య రెజిన్ బోవీ 1838లో ఒక పత్రికకు రాసిన ఉత్తరంలో కొలతలిచ్చాడు: పొడవు తొమ్మిదింబావు అంగుళాలు, వెడల్పు అంగుళంన్నర, ఒకవైపే పదును, బ్లేడులో వంపు లేదు. అంటే అది మాంసం కోసే పెద్ద కత్తికి దగ్గరగా ఉండే తిన్నని కత్తి. ఇప్పుడు మనకు కళ్లముందు మెదిలే క్లిప్, పెద్ద గార్డు ఆ తర్వాతి తయారీదారుల చేతుల్లో స్థిరపడ్డాయి.

ఆర్కన్సాలోని వాషింగ్టన్ అనే ఊళ్లో జేమ్స్ బ్లాక్ అనే కమ్మరి జిమ్ కోసం కత్తి చేశాడన్న కథ బాగా ప్రచారంలో ఉంది కానీ, దాన్ని తేల్చే రుజువు లేదు. జిమ్ 1836 మార్చి 6న టెక్సస్‌లోని అలమో కోటలో చనిపోయాడు. అతని చేతిలోదే అని అందరూ ఒప్పుకున్న కత్తి ఒక్కటీ మిగల్లేదు. కాబట్టి "ఇది జిమ్ బోవీ సొంత కత్తి" అని ఎవరైనా అమ్మజూపితే అక్కడితో బేరం ఆపేయండి.

అడవి పనికి ఎంత పొడవు, ఎంత మందం మంచిది?

బ్లేడు 23–25 సెం.మీ., వెన్ను మందం 5 మి.మీ., వెడల్పు 38–42 మి.మీ. ఉంటే ఎక్కువమందికి సరిపోతుంది. మొత్తం బరువు 400–550 గ్రాముల మధ్య వస్తుంది. 28 సెం.మీ. దాటితే దెబ్బ బలం పెరిగే మాట నిజమే కానీ మణికట్టు త్వరగా అలసిపోతుంది, అలసిన చేతిలో దెబ్బ పక్కకు జారుతుంది. 20 సెం.మీ. లోపైతే నరకడానికి ఊపు చాలదు, చిన్న పనులకేమో ఇంకా పెద్దదే.

మందం విషయంలో చాలామంది పొరబడతారు. 8 మి.మీ. వెన్ను చేతిలో గట్టిగా, భరోసాగా అనిపిస్తుంది. కానీ కట్టెలో దిగేది వెన్ను కాదు. అంచు వెనకాల, అంటే పదును మొదలయ్యే చోట, బ్లేడు మందం ఎంతన్నదే నరుకుడును నిర్ణయిస్తుంది. అక్కడ 0.6–0.8 మి.మీ. ఉంటే లోతుగా దిగుతుంది, దెబ్బకూ తట్టుకుంటుంది. ఒకటిన్నర మి.మీ. ఉన్న కత్తికి ఎంత సాన పట్టినా కట్టెను చితకగొడుతుందే తప్ప కోయదు.

కొనేముందు కత్తిని ఒక వేలిమీద నిలబెట్టి చూడండి. బరువు గార్డుకు 2–4 సెం.మీ. ముందు తూగితే నరకడానికి బాగుంటుంది. సరిగ్గా గార్డు దగ్గరే తూగే కత్తి చురుగ్గా తిరుగుతుంది కానీ కట్టె మీద మీ బలం ఎక్కువ అడుగుతుంది.

ఏ ఉక్కు తీసుకోవాలి?

పెద్ద కత్తికి మొదట కావలసింది విరగని గుణం. ఎక్కువ రోజులు పదును నిలవడం ఆ తర్వాతే. ఈ లెక్కన 5160 మాకు ముందు గుర్తొస్తుంది. 0.6 శాతం దాకా కార్బన్, కొద్దిగా క్రోమియం ఉన్న స్ప్రింగు ఉక్కు అది. వాహనాల కమాన్ పట్టీలకు వాడే జాతిదే. వంగుతుంది, తిరిగి నిలబడుతుంది. 80సీఆర్‌వీ2 కూడా అదే కోవలోకి వస్తుంది. 1095లో కార్బన్ 0.95 శాతం ప్రాంతంలో ఉంటుంది. పదును బాగా పడుతుంది, తుప్పు తొందరగా పడుతుంది, పలచని అంచు ముడుల మీద పెచ్చులు లేవొచ్చు.

డీ2 లాంటి 12 శాతం క్రోమియం ఉక్కు చిన్న కత్తుల్లో చక్కగా పనిచేస్తుంది. నరికే పెద్ద బ్లేడుకు దాన్ని ఎంచుకోవద్దు. లోపలి గట్టి కార్బైడ్ రేణువుల వల్ల దెబ్బకు ఓర్చుకునే గుణం తక్కువ. తడి వాతావరణంలో, సముద్రం దగ్గర వాడేవాళ్లకు 420హెచ్‌సీ లాంటి స్టెయిన్‌లెస్ నయం. పదును తరచుగా పెట్టుకోవాలి, అంతే.

గట్టిదనం రాక్‌వెల్ సి స్కేలు మీద 56–58 ఉండాలి. 60 దాటిన పెద్ద కత్తి ప్రకటనలో బాగుంటుంది, ముడి మీద పడ్డప్పుడు బాగుండదు. ఉక్కు పేరు ఒక్కటే చూసి మోసపోకండి. నాసిరకంగా కాల్చి నీరు పెట్టిన, అంటే ఒక్కసారిగా చల్లార్చి గట్టిపరచిన, గొప్ప ఉక్కు కంటే జాగ్రత్తగా నీరు పెట్టిన మామూలు ఉక్కు ఎన్నో రెట్లు మేలు.

ఇది నిజంగా పని కత్తేనా, అలంకారం కత్తా? ఎలా తెలుసుకోవాలి?

టాంగ్ చూడండి. ఈ ప్రశ్న పదునుకు సంబంధించింది కాదు, ప్రాణానికి సంబంధించింది. అలంకారం కత్తుల్లో చాలావాటికి బ్లేడు గార్డు దగ్గరే అయిపోతుంది. అక్కణ్నుంచి పెన్సిలంత సన్నని, మరలున్న కడ్డీని అతికించి, దాన్ని పిడిలోంచి దూర్చి, చివర నట్టు బిగిస్తారు. ఊపి కొడితే ఆ అతుకు తెగుతుంది. అప్పుడు బ్లేడు ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు.

ఫుల్ టాంగ్ అయితే పిడి చుట్టూ అంచులో ఉక్కు కనిపిస్తుంది, రెండువైపులా చెక్క బిళ్లలు రివెట్లతో పట్టి ఉంటాయి. లోపల దాగిన టాంగ్ చెడ్డదేమీ కాదు. మేలైన బోవీలు ఎన్నో అలాగే చేస్తారు. కాకపోతే ఆ టాంగ్ గార్డు దగ్గర బ్లేడు వెడల్పులో కనీసం సగముండాలి, మూలలు కోసుగా కాకుండా గుండ్రంగా తిరగాలి. చదరపు మూల ఉంటే పగులు అక్కడే మొదలవుతుంది.

పిడిని గట్టిగా పట్టుకుని బ్లేడు వెన్నును చెక్క మీద మెల్లగా తట్టండి. బిగువైన కత్తి ఒకే శబ్దం చేస్తుంది. గార్డు గలగలమన్నా, పిడిలో ఏదో కదిలినట్టు చేతికి తెలిసినా దాన్ని గోడకే ఉంచండి. అమ్మేవాళ్లు టాంగ్ సంగతి చెప్పలేకపోతే, ఉక్కు పేరు లేకుండా "స్టెయిన్‌లెస్" అని మాత్రమే రాసి ఉంటే అది పని కత్తి కాదనే అనుకోండి.

బోవీతో కొమ్మలు, కట్టెలు ఎలా నరకాలి?

ముందు చోటు చూసుకోండి. చెయ్యి చాచి కత్తి పట్టుకుని చుట్టూ, తలపైనా తిప్పితే ఏదీ తగలకూడదు. మనుషులు కనీసం రెండు నిలువుల దూరంలో ఉండాలి.

కట్టెను నేలమీద పెట్టి కొట్టొద్దు. కింద మొద్దు ఉండాలి. లేకపోతే కత్తి మట్టిలోకి దూసుకుపోతుంది, ఒక్క గులకరాయి చాలు అంచు పోవడానికి. దెబ్బ నిటారుగా కాకుండా 45 డిగ్రీల వాలులో వేయాలి. ఒకటి కుడినుంచి, ఒకటి ఎడమనుంచి కొడితే మధ్యలో పెచ్చు ఎగిరి వీ ఆకారంలో గాడి పడుతుంది. గాడి వెడల్పు కట్టె మందమంత ఉంటే కత్తి ఇరుక్కోదు. బ్లేడులో తగలాల్సిన చోటు మొననుంచి మూడో వంతు దగ్గర ఉంటుంది. అక్కడ తగిలితే చేతికి అదురు రాదు, దెబ్బంతా కట్టెలోకి పోతుంది. గార్డు దగ్గర తగిలినా, మరీ మొన దగ్గర తగిలినా పిడి అరచేతిలో జివ్వుమంటుంది. ఆ జివ్వుమనడమే మీ గురి తప్పిందని చెప్పే గుర్తు.

పిడిని బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలితో గట్టిగా పట్టి మిగతా రెండు వేళ్లూ కాస్త వదులుగా ఉంచండి. తగిలే క్షణంలో అవి ముడుచుకుంటాయి. దానివల్ల మోచేతికి బదులు మణికట్టు పనిచేస్తుంది. మోకాళ్ల మీద కూర్చుని నరికితే తప్పిన దెబ్బ కాలికి కాకుండా నేలకు తగులుతుంది. నిలబడి నరికేటప్పుడు కట్టెకు అవతలివైపు కొట్టాలి, మీ కాళ్లు ఇవతలివైపు ఉండాలి.

తాడును మణికట్టుకు చుట్టుకోవడం మానండి. పట్టు జారిన కత్తి ఆ తాడుకు వేలాడుతూ తిరిగి మీ చేతిమీదికే వస్తుంది. తాడు కావాలంటే బొటనవేలికి తగిలించి చేతి వెనకనుంచి తిప్పి పట్టుకోండి, జారినప్పుడు వదిలేయడానికి వీలుంటుంది.

వెన్ను మీద కర్రతో కొట్టి దుంగలు చీల్చొచ్చా?

చీల్చొచ్చు, హద్దులున్నాయి. దుంగ మందం బ్లేడు పొడవుకంటే కనీసం 8 సెం.మీ. తక్కువుండాలి. 25 సెం.మీ. బ్లేడుకు 15–17 సెం.మీ. దుంగ పెద్దదే. ముడి లేని వైపు చూసి అంచును ఆనించి, మణికట్టు మందమున్న పచ్చి కర్రతో వెన్ను మీద కొట్టండి. బ్లేడు లోపలికి దిగాక బయట మిగిలిన మొనవైపు వెన్నుమీద కొడుతూ పిడిని దెబ్బ దిశలోనే కిందికి నొక్కి ఉంచాలి. పిడి పైకి లేస్తే బలమంతా టాంగ్ మెడ మీద పడుతుంది.

బోవీకి ఇక్కడ ఒక ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. బయట మిగిలేది క్లిప్ ఉన్న భాగమే. ఫాల్స్ ఎడ్జ్ పలచగా ఉంటే కొట్టే కర్రను అది కోసేస్తుంది, లేదా దానికే సొట్ట పడుతుంది. కాబట్టి క్లిప్ మొదలయ్యేలోపే కర్ర తగిలేలా దుంగను పిడివైపు జరిపి పెట్టుకోవాలి. సుత్తితో, గొడ్డలి మడమతో, రాయితో ఎప్పుడూ కొట్టకండి. మధ్యలో ముడి తగిలి ఆగిపోతే ఇంకా బాదొద్దు. దుంగను తిరగేసి అవతలి చివరనుంచి మొదలుపెట్టండి.

చిన్న పనులకు పనికొస్తుందా?

రికాసో ముందున్న 4–5 సెం.మీ. అంచును నెగడు రాజేసే పీచు పుల్లలు చెక్కడానికి వాడుకోవచ్చు. చేప శుభ్రం చేయడం, కూరగాయలు తరగడం లాంటివాటికి 8–10 సెం.మీ. చిన్న కత్తి వెంట ఉంచుకోండి. పెద్ద కత్తితో చిన్న పని చేయబోయి వేళ్లు తెగినవాళ్లే ఎక్కువ.

అంచు పెచ్చులు లేచింది. ఒక్కోసారి ముడుచుకుంటోంది. ఎందుకు?

రెండూ వేర్వేరు జబ్బులు. ముడుచుకుంటే ఉక్కు మెత్తగా ఉందని, లేదా కోణం మరీ సన్నగా ఉందని. పెచ్చు లేస్తే ఉక్కు పెళుసుగా ఉందని, లేదా కట్టెలో దిగిన కత్తిని పక్కకు మెలి తిప్పి లాగారని. రెండోదే ఎక్కువ. ఇరుక్కున్న కత్తిని వచ్చిన దారినే, కిందికీ పైకీ ఆడించి తీయాలి. గడ్డకట్టిన కట్టె, ఎండిన ముడులు కూడా పెచ్చులు లేపుతాయి.

కొత్త కత్తికి మొదటి వారాల్లోనే ఇలా అయితే అప్పుడే నిరాశపడకండి. ఫ్యాక్టరీలో బెల్టు మీద ఆఖరి పదును పెట్టేటప్పుడు అంచు కొస వేడెక్కి గుణం చెడి ఉండొచ్చు. రెండు మూడుసార్లు రాయి మీద నూరి ఆ పొర పోగొడితే లోపలి మంచి ఉక్కు బయటపడుతుంది. అప్పటికీ మారకపోతే కోణం ఒక్కోవైపు 20 డిగ్రీలనుంచి 23–25కు పెంచండి. ఆ తర్వాత కూడా పెచ్చులు లేస్తుంటే తప్పు నీరు పెట్టడంలోనే ఉంది. కత్తిని తిరిగి ఇచ్చేయండి.

పదును ఎలా పెట్టాలి?

400 గరుకు రాయి, 1000 గరుకు రాయి, చెక్కకు అంటించిన తోలు పట్టీ చాలు. పెచ్చులుంటే ముందు 220తో మొదలుపెట్టాలి.

1. అంచు వాలు మీద నల్ల మార్కరుతో రంగు పూయండి. రెండు లాగుళ్ల తర్వాత రంగు ఎక్కడ పోయిందో చూడండి. కిందనే పోతే కోణం ఎక్కువైంది, పైనే పోతే తక్కువైంది.
2. 40 మి.మీ. వెడల్పు బ్లేడుకు 20 డిగ్రీల కోణమంటే వెన్ను మధ్యరేఖ రాయికి సుమారు 14 మి.మీ. ఎత్తులో ఉండాలి. క్లిప్ దగ్గర వెడల్పు సగానికి పడిపోతుంది, అక్కడ ఎత్తు 7 మి.మీ. చాలు. మొదటి 14 మి.మీ. ఎత్తే పట్టుకుని మొనదాకా లాగితే మొన దగ్గర పదును మొండిగా తయారవుతుంది. బోవీ కత్తుల్లో మొన ఎప్పుడూ బాగా కోయదని చెప్పుకునే ఫిర్యాదుకు కారణం ఇదే.
3. ఒకవైపే నూరుతూ ఉండండి. అవతలివైపు అంచు పొడవునా ఉక్కు నూగు లేవాలి. కంటికి కనపడదు. బొటనవేలి కొసను వెన్నునుంచి అంచువైపు, అంచును దాటేలా మెల్లగా జారిస్తే సన్నగా గీరుకుంటుంది. పొడవునా గీరుకుంటేనే రెండోవైపు తిప్పండి. మధ్యలో ఎక్కడైనా నునుపుగా తగిలితే అక్కడ పని ఇంకా మిగిలింది.
4. రెండోవైపూ అయ్యాక 1000 రాయి మీద బరువు తగ్గించుకుంటూ, వైపు మార్చుకుంటూ లాగండి.
5. తోలు మీద అంచు వెనక్కి ఉండేలా ఒక్కోవైపు 15–20 సార్లు లాగి మిగిలిన నూగు తీసేయండి.

తిన్నని వాలుకు బదులు బయటికి ఉబ్బినట్టు గుండ్రంగా తిరిగిన అంచు ఇష్టపడేవాళ్లు మెత్తటి రబ్బరు పలక మీద గరుకు కాగితం పరిచి కత్తిని వెనక్కి లాగితే సరి. నరకడానికి ఆ అంచు ఇంకా గట్టిగా నిలుస్తుంది.

కరెంటు సానచక్రం వద్దు. ఈ ఉక్కుల్లో చాలావాటికి చివరి వేడి 200 డిగ్రీల సెల్సియస్ ప్రాంతంలో ఇస్తారు. చక్రం మీద అంచు నీలం రంగుకు తిరిగిందంటే 300 దాకా వెళ్లిందని. ఆ మేరకు గట్టిదనం పోయింది, ఆ భాగమంతా అరగదీస్తే తప్ప తిరిగిరాదు.

ఫాల్స్ ఎడ్జ్‌కు కూడా పదును పెట్టించుకోవచ్చా?

పెట్టించుకోవద్దు. వెన్ను మీద చెయ్యి వేసి నొక్కే వీలు పోతుంది, ఒర లోపలి కుట్టు తెగుతుంది, పైగా రెండువైపులా పదునున్న కత్తులకు చాలాచోట్ల వేరే చట్టం వర్తిస్తుంది. పాత కత్తికి ఆ పదును పెట్టడమంటే చేతులారా పాడుచేసుకోవడమే.

పని కత్తికి తుప్పు పట్టకుండా ఏం చేయాలి?

పని అవగానే తుడవండి. చెట్ల పసరు, చెమట, పుల్లటి పళ్ల రసం నీటికంటే ఎక్కువ హాని చేస్తాయి. రాత్రికి రెండు చుక్కల మినరల్ ఆయిల్ గుడ్డకు వేసి పలచగా పూయండి. తిండి తగిలే కత్తయితే తినే రకం మినరల్ ఆయిలే వాడాలి. వంటనూనెలు వద్దు, జిగటగా కట్టుకుపోతాయి.

వాడగా వాడగా కార్బన్ ఉక్కు మీద బూడిద, నీలి మచ్చలు వస్తాయి. అది పటినా, భయపడక్కర్లేదు. ఎర్రగా, వేలికి పొడిలా అంటుకునేదే తుప్పు. నూనె రాసి అరగంట ఆగి, అన్నిటికంటే సన్నని రకం ఉక్కు పీచుతో రుద్దితే పోతుంది. కింద గుంట పడితే దాన్ని తీసేయాలని చూడకండి, నూనె నింపి ఉంచితే ఇంక పెరగదు.

తోలు ఒరలోనే పెట్టి భద్రపరచొచ్చా?

వద్దు. మోసుకెళ్లడానికే ఒర. తోలు తేమ పట్టి ఉంచుతుంది, ఆ తోలును తయారుచేసేటప్పుడు వాడిన ఆమ్లాలు, లవణాలు ఉక్కును తింటాయి. ఇత్తడి గార్డు తోలుకు ఆనిన చోట పచ్చని చిలుము కడుతుంది. కత్తిని విడిగా, నూనె రాసి, ఆమ్లం లేని కాగితంలో చుట్టి పెట్టండి. ఒరను పక్కనే వేరుగా ఉంచండి, పారేయకండి. పాత కత్తికి దాని సొంత ఒర ఉంటే విలువ బాగా పెరుగుతుంది.

సేకరణలో సెల్యులాయిడ్ (తొలినాటి ప్లాస్టిక్) పిడి కత్తి ఉంటే దాన్ని మిగతావాటికి దూరంగా, గాలి ఆడేచోట పెట్టండి. పాతబడిన సెల్యులాయిడ్ విడిచే ఆమ్లపు ఆవిరి పక్కన ఉన్న కత్తులన్నిటికీ తుప్పు పట్టిస్తుంది. పెట్టెలో ఒక్క కత్తి చుట్టూ ఉన్నవే ఉన్నట్టుండి తుప్పు పడుతుంటే ముందు అనుమానించాల్సింది ఆ పిడినే.

పాత షెఫీల్డ్ బోవీ ఏ కాలందో ఎలా చెప్పొచ్చు?

19వ శతాబ్దంలో అమెరికాలో అమ్ముడైన బోవీల్లో పెద్ద భాగం ఇంగ్లండులోని షెఫీల్డ్‌నుంచి వచ్చినవే. జార్జ్ వోస్టెన్‌హోమ్ కంపెనీ తన కార్ఖానాకు వాషింగ్టన్ వర్క్స్ అని పేరు పెట్టుకుందంటే అమెరికా బేరం ఎంత ముఖ్యమో తెలుస్తుంది. ఐఎక్స్‌ఎల్ ముద్ర వాళ్లదే.

రికాసో మీది ముద్రను భూతద్దంతో చదవండి. కిరీటానికి రెండువైపులా వి, ఆర్ అక్షరాలుంటే విక్టోరియా రాణి కాలం, 1837–1901. డబ్ల్యు, ఆర్ ఉంటే నాలుగో విలియం, 1830–37. తయారైన దేశం పేరు కోసం తప్పకుండా వెతకాలి. 1890లో వచ్చిన మెకిన్లీ సుంకాల చట్టం ప్రకారం మరుసటి ఏడాదినుంచి అమెరికాకు వచ్చే సరుకు మీద దేశం పేరు వేయాల్సి వచ్చింది. కాబట్టి "షెఫీల్డ్" ఒక్కటే ఉంటే అంతకుముందుది కావచ్చు, "ఇంగ్లండ్" అని కూడా ఉంటే సాధారణంగా ఆ తర్వాతిది. ఒక్క గుర్తుతో తేల్చేయకుండా ముద్ర, గార్డు ఆకారం, పిడి పదార్థం, ఒర అన్నీ ఒకే కాలానికి సరిపోతున్నాయా అని చూడండి.

నకిలీని ఎలా పట్టుకోవాలి?

పట్టించే చోట్లు కొన్ని ఉన్నాయి. స్టెయిన్‌లెస్ ఉక్కు హ్యారీ బ్రియర్లీ చేతిలో షెఫీల్డ్‌లో రూపు దిద్దుకుంది 1913లో. 1850 నాటిదని చెప్పే కత్తి స్టెయిన్‌లెస్ అయ్యే వీలే లేదు. ఫిలిప్స్ తల స్క్రూ 1930 దశకంనాటిది. పిడి పగుళ్లలో ఎపాక్సీ జిగురు మెరిస్తే కనీసం మరమ్మతైనా జరిగింది.

ముద్రను చుట్టుపక్కల ఉపరితలంతో పోల్చండి. ఏళ్ల తరబడి తుప్పు పట్టిన బ్లేడులో ముద్ర అక్షరాల అడుగున కూడా అదే రంగు, అవే గుంటలు ఉంటాయి. గుంటలను కోసుకుంటూ శుభ్రమైన అంచులతో అక్షరం దిగి ఉంటే, ముద్ర తుప్పు తర్వాత వేసిందే. ఆమ్లంతో ముసలిదాన్ని చేసిన కత్తికి తుప్పు అంతటా ఒకేలా ఉంటుంది. నిజమైనదానికి గార్డు మూలల్లో, ఒర నోరు తగిలే చోట ఎక్కువగా, చెయ్యి తగిలే చోట తక్కువగా ఉంటుంది. అరుగుదల కూడా అంతే. పిడి కొత్తగా ఉండి పామెల్ అరిగిపోయిందంటే పొంతన కుదరదు.

పాత కత్తిని మెరిపించి అమ్మితే ఎక్కువ వస్తుందా?

తక్కువ వస్తుంది, చాలా తక్కువ. బఫ్ చక్రం మీద పెట్టిన కత్తికి అంచులు గుండ్రమవుతాయి, చెక్కిన అక్షరాలు చెరిగిపోతాయి, తొలి పాలిష్ గీతలు మాయమవుతాయి. పోయినవి తిరిగిరావు. చురుగ్గా ఉన్న ఎర్ర తుప్పును నూనెతో నానబెట్టి, కొమ్ము ముక్కతోనో వెదురు పుల్లతోనో గీకి, మైక్రోక్రిస్టలిన్ మైనం పలచగా రాయండి. అంతకుమించి చేయకండి. పదును పెట్టొద్దు. వదులు పిడిని సొంతంగా అతికించొద్దు.

ఏనుగు దంతం పిడి కత్తి కొనొచ్చా?

ముందు అది దంతమో కాదో తేల్చుకోండి. అడ్డకోతలో, అంటే పిడి చివర, ఒకదానినొకటి కోసుకునే వంపు గీతలు కనిపిస్తాయి. ఏనుగు దంతంలో ఆ గీతల మధ్య కోణం వెడల్పుగా 115 డిగ్రీలు దాటి, అంతరించిపోయిన మామత్ ఏనుగు దంతంలో 90 లోపు ఉంటుంది. ఎముకలో చిన్న నల్ల చుక్కలు, గీట్లు కనిపిస్తాయి. సెల్యులాయిడ్‌లో గీతలు తిన్నగా, ఒకే ఎడంలో ఉంటాయి. కాల్చిన సూదితో గుచ్చే పరీక్ష చేయకండి. సెల్యులాయిడ్ భగ్గున అంటుకుంటుంది, దంతమైతే మచ్చ పడుతుంది.

నిజమైన దంతమైతే అమ్మకం, సరిహద్దు దాటించడం రెండూ చట్టంతో కూడిన పనులు. అమెరికా 2016లో ఆఫ్రికా ఏనుగు దంతం వ్యాపారాన్ని దాదాపు పూర్తిగా ఆపింది. బ్రిటన్‌లో 2018 నాటి దంతపు చట్టం 2022నుంచి అమల్లో ఉంది. మినహాయింపులకు పత్రాలు కావాలి. పత్రాలు లేని దంతం పిడి ఎంత అందంగా ఉన్నా వదిలేయండి.

చేతితో చేసిన కొత్త కత్తి కొంటే తయారీదారు నేర్పును ఎలా అంచనా వేయాలి?

1976లో మొదలైన అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ (కత్తులు చేసే కమ్మరుల సంఘం) జర్నీమన్ హోదాకు, అంటే మాస్టర్‌కు ముందు మెట్టుకు, పెట్టే పరీక్ష మంచి కొలత. బ్లేడు 10 అంగుళాలు మించకూడదు. వేలాడే అంగుళం మందపు తాడును ఒక్క వేటుకు తెంపాలి. రెండు, నాలుగు అంగుళాల కొలత చెక్కను రెండుసార్లు నరకాలి. ఆ తర్వాత కూడా అదే అంచు వెంట్రుకలు గీయాలి. చివర బిగింపులో పెట్టి 90 డిగ్రీలు వంచితే విరగకూడదు. ఇన్నీ ఒకే బ్లేడు చేయాలంటే అంచు గట్టిగా, వెన్ను మెత్తగా ఉండాలి. ఆ సమతూకమే కమ్మరి నేర్పు.

కొనేటప్పుడు గార్డుకూ రికాసోకూ మధ్య వెలుతురు దూరుతోందేమో చూడండి. అక్కడ సందుంటే తేమ చేరి టాంగ్ లోపలే తుప్పు పడుతుంది. రెండువైపులా వాలు ఒకే చోట మొదలై ఒకే చోట ముగియాలి.

చట్టం ఏమంటుంది? ప్రయాణంలో ఎలా?

ఈ కత్తి పుట్టిన నాటినుంచీ చట్టం దీని వెంట పడుతూనే ఉంది. అమెరికాలో 1837లో అలబామా రాష్ట్రం ప్రతి అమ్మకానికీ 100 డాలర్ల పన్ను వేసింది. 1838లో టెనసీ అమ్మకాన్నే నిషేధించింది. బోవీ పేరుతో ముడిపడ్డ టెక్సస్‌లో కూడా దీన్ని వెంట తీసుకెళ్లడం 2017 సెప్టెంబరు 1 దాకా నేరమే. ఇప్పుడక్కడ పెద్దవాళ్లు ధరించొచ్చు కానీ, అయిదున్నర అంగుళాలు దాటిన బ్లేడును బడులు, కోర్టులు, ఓటింగు కేంద్రాల లాంటి చోట్లకు తీసుకెళ్లకూడదు. ఇంగ్లండులో సరైన కారణం లేకుండా బయట ఇలాంటి కత్తి పట్టుకుని ఉండటమే నేరం. అమ్మకం, ఇంట్లో ఉంచుకోవడం, వెంట తీసుకెళ్లడం మూడూ వేర్వేరు విషయాలు. మీరున్న చోట మూడింటి గురించీ విడివిడిగా తెలుసుకోండి.

విమానంలో చేతి సంచిలో కుదరదు. లగేజీలో వేసేటప్పుడు ఒరలో పెట్టి, మొన ఒరను చీల్చుకు రాకుండా గట్టి అట్టతో చుట్టండి. తెరిచి చూసే ఉద్యోగి చెయ్యి తెగకూడదు.

పిడి కదులుతోంది. సరిచేసుకోవచ్చా?

పని కత్తయితే సరిచేసుకోవచ్చు. పామెల్ నట్టు ఉన్న రకానికి ముందు నట్టును పావు చుట్టు బిగించి చూడండి. ఆగకపోతే విప్పి, టాంగ్ మీది తుప్పు గీకి, స్పిరిట్‌తో తుడిచి, నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ నింపి బిగించి 24 గంటలు కదపకుండా ఉంచండి. విప్పినప్పుడు టాంగ్ మెడ దగ్గర భూతద్దంతో చూడండి. తలవెంట్రుకంత గీత కనిపించినా అది పగులే. ఆ కత్తితో మళ్లీ నరకకూడదు.

చెక్క బిళ్లల రకంలో ఎండకు చెక్క కుంచించుకుని రివెట్లు పైకి తేలతాయి. చెక్కకు లిన్‌సీడ్ నూనె రెండు పూతలు ఇచ్చి వారం ఆగితే చాలాసార్లు బిగుస్తుంది. నూనె తుడిచిన గుడ్డను ముద్దగా పడేయకండి, విప్పి ఆరబెట్టండి, లేకపోతే దానంతటదే అంటుకుంటుంది. వారం తర్వాత కూడా కదిలితే పాత రివెట్లు తీసి కొత్తవి వేయించాలి.